లో-ప్రొఫైల్ టైర్లు: రబ్బరు తగ్గిన చోట గాలి లెక్క

సంక్షిప్తంగా: కారు టైరు పక్కగోడ ఎత్తు తగ్గేకొద్దీ లోపలి గాలి మీద భారం పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన టైర్లకు సరిపోయిన గాలి ఒత్తిడి, అదే కారుకు లో-ప్రొఫైల్ (పక్కగోడ పొట్టిగా ఉండే) టైర్లు వేయించాక చాలకపోవచ్చు. పైగా ఈ టైర్లలో గాలి తగ్గిన సంగతి కంటికి ఆనదు. తగ్గితే మాత్రం రిమ్ముకూ పక్కగోడకూ దెబ్బ త్వరగా తగులుతుంది. పాటించాల్సిన అంకెను డోరు దగ్గరి స్టిక్కరు, బిగించిన టైరు లోడ్ ఇండెక్స్ (టైరు గరిష్ఠంగా మోయగల బరువును సూచించే అంకె) కలిసి నిర్ణయిస్తాయి. టైరు మీద అచ్చు వేసిన గరిష్ఠ ఒత్తిడికి అందులో పాత్ర లేదు.

పదిహేనేళ్ల కిందటి వరకు మన రోడ్ల మీద పలచటి టైర్లు ఎక్కువగా ఖరీదైన కార్లకే కనిపించేవి. ఇప్పుడు మధ్యతరగతి హ్యాచ్‌బ్యాక్‌ల పై వేరియంట్లకు కంపెనీలే 16, 17 అంగుళాల అలాయ్ వీల్స్ ఇస్తున్నాయి. వాటితో తృప్తిపడనివారు బయట షాపుల్లో మరో అంగుళమో రెండంగుళాలో పెంచుకుంటున్నారు. చక్రం సైజు మారినా గాలి పట్టించే అలవాటు మారలేదు. బంకులో ఏ కారు వచ్చినా 32 లేదా 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొడతారు. ఇక సలహాల విషయానికి వస్తే, కుదుపు తగ్గాలంటే 28కి దించమని ఒకరు, రిమ్ము వంగకుండా ఉండాలంటే 40కి పెంచమని మరొకరు చెబుతారు. పూర్తిగా వ్యతిరేక దిశల్లో ఉన్న ఈ రెండు సలహాలూ ఒకే టైరుకు ఎందుకు వర్తించవో తెలియాలంటే టైరు నిర్మాణం దగ్గర మొదలుపెట్టాలి.

సైజు అంకెలు చెప్పే సంగతి

టైరు మీద 225/40 ఆర్18 అని ఉంటే 225 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 18 అనేది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. మధ్యలోని 40 మిల్లీమీటర్లు కాదు, శాతం: పక్కగోడ ఎత్తు వెడల్పులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు.

ఒకే కారుకు సరిపోయే వేర్వేరు సైజులను పక్కపక్కన పెడితే మార్పు స్పష్టమవుతుంది. 195/65 ఆర్15 టైరు మొత్తం వ్యాసం సుమారు 634 మిల్లీమీటర్లు. 205/55 ఆర్16, 225/45 ఆర్17, 225/40 ఆర్18 టైర్ల వ్యాసాలు కూడా దానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడాలోనే ఉంటాయి. స్పీడోమీటరు తప్పు చూపకుండా ఉండటానికి మొత్తం వ్యాసాన్ని అలాగే ఉంచుతారు కాబట్టి, రిమ్ము పెరిగినంత మేరా రబ్బరు తగ్గాల్సిందే. ఈ నాలుగు టైర్ల పక్కగోడలు వరుసగా 127, 113, 101, 90 మిల్లీమీటర్లు. 15 నుంచి 18 అంగుళాలకు వెళ్లేసరికి దాదాపు 37 మిల్లీమీటర్ల మెత్తదనం పోయి, ఆ స్థానంలోకి లోహం వచ్చి చేరుతుంది.

అయితే ఎత్తు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. మారుతి 800కు వచ్చిన 145/70 ఆర్12 టైరు పక్కగోడ కూడా 101 మిల్లీమీటర్ల పైచిలుకే, అంటే 225/45 ఆర్17తో సమానం. ఆ కారును లో-ప్రొఫైల్ కారు అని ఎవరూ అనలేదు, గుంతల్లో దాని రిమ్ములు వంగిపోతున్నాయన్న పేరూ రాలేదు. కారణం, ఆ కారు బరువు 650 కిలోల చుట్టుపక్కల ఉండేది, వెళ్లే వేగమూ తక్కువే. అంతే ఎత్తున్న రబ్బరు ఇప్పుడు 1,300 కిలోలకు పైబడిన కార్లను గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంలో మోస్తోంది. సమస్య అసలు స్వరూపం ఇదే: పక్కగోడ ఎత్తుకూ, అది మోసే బరువుకూ, వేగానికీ మధ్య ఉన్న నిష్పత్తి మారింది.

పక్కగోడను కావాలని పొట్టి చేయడానికి బలమైన కారణమే ఉంది. కారు మలుపు తిరిగేటప్పుడు పొడవైన పక్కగోడ పక్కకు వంగుతుంది. స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు స్పందించిన క్షణానికీ మధ్య చిన్న ఆలస్యం వస్తుంది. పొట్టి పక్కగోడలో ఆ ఒంపు తక్కువ. 1970లలో ఇటలీకి చెందిన పిరెల్లీ పొట్టి పక్కగోడ ఉన్న తన పి7 టైరును లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం తయారుచేసింది, తర్వాత పోర్షే 911 టర్బో దాన్ని వాడింది. పెద్ద రిమ్ములో పెద్ద బ్రేకులకు చోటు దొరకడం అదనపు లాభం. ఇవన్నీ నున్నటి రోడ్డు ఉందనుకొని వేసిన లెక్కలు.

బరువు మోసేది గాలి

కారు బరువులో అత్యధిక భాగాన్ని మోసేది టైరులో బిగబట్టి ఉన్న గాలి; ఆ గాలిని పట్టి ఉంచే సంచి పనే రబ్బరుది, దారాలది. ఒక టైరు ఎంత బరువు మోయగలదన్నది ముఖ్యంగా రెండింటిని బట్టి ఉంటుంది: లోపల గాలికి ఉన్న చోటు, ఆ గాలి ఒత్తిడి. చోటు తగ్గితే అదే బరువును మోయడానికి ఒత్తిడి పెరగాలి. పైన చెప్పిన 18 అంగుళాల టైరులో గాలి పట్టే చోటు, స్థూలంగా లెక్కిస్తే, 15 అంగుళాల టైరులోకన్నా పదో వంతు దాకా తక్కువ.

ఈ సూత్రం లోడ్ ఇండెక్స్‌లో కనిపిస్తుంది. 195/65 ఆర్15 టైరుకు సాధారణంగా ఉండే లోడ్ ఇండెక్స్ 91, అంటే 615 కిలోలు. 225/40 ఆర్18 టైరుకు ఎక్కువగా 92 ఉంటుంది, అంటే 630 కిలోలు. ఇంతవరకే చూస్తే పలచటి టైరే బలమైనదిగా అనిపిస్తుంది. కానీ ఐరోపా ప్రమాణాల్లో మామూలు టైరుకు ఆ గరిష్ఠ బరువును 2.5 బార్ దగ్గర, అంటే 36 పీఎస్‌ఐ దగ్గర లెక్కిస్తారు. లో-ప్రొఫైల్ టైర్లలో చాలావాటి మీద ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే అదనపు బరువు) అనే గుర్తు ఉంటుంది. వాటికి గరిష్ఠ బరువును లెక్కించేది 2.9 బార్ దగ్గర, అంటే 42 పీఎస్‌ఐ దగ్గర.

ఇప్పుడు రెండు టైర్లలోనూ బంకువారు కొట్టే 32 పీఎస్‌ఐ, అంటే 2.2 బార్ ఉందనుకుంటే ఏమవుతుంది? ఆ ప్రమాణాల్లో వాడే సూత్రం ప్రకారం 15 అంగుళాల టైరు సుమారు 555 కిలోలు మోయగలదు. 18 అంగుళాల ఎక్స్‌ఎల్ టైరు మోయగలిగేది సుమారు 505 కిలోలే. ఒక్కో టైరుకు 50 కిలోల చొప్పున నాలుగింటికీ కలిపి 200 కిలోల సామర్థ్యం, గేజి మీద అంకె ఏమాత్రం మారకుండానే తగ్గిపోయింది. వెనక సీటులో కూర్చునే ముగ్గురి బరువు అది. ఆ సామర్థ్యం తిరిగి రావాలంటే 18 అంగుళాల టైరులో దాదాపు 2.5 బార్, అంటే 36 పీఎస్‌ఐ ఉండాలి.

ఎక్స్‌ఎల్ టైరు బలంగా ఉంటుంది కాబట్టి గాలి కాస్త తక్కువున్నా ఫరవాలేదన్న మాట షాపుల్లో తరచుగా వినిపిస్తుంది. వాస్తవం దీనికి తలకిందులుగా ఉంది. ఎక్స్‌ఎల్ నిర్మాణం ఎక్కువ ఒత్తిడిని తట్టుకోవడానికి ఉద్దేశించినది. ఆ ఒత్తిడి లేకపోతే ఆ అదనపు బలం పనిలోకే రాదు.

కంటికి తెలియని లోటు

పాత టైర్లలో గాలి తగ్గితే అడుగున పక్కగోడ పొట్టలా బయటికి వచ్చేది. కాలితో తన్ని చూసి, లేదా కాస్త వంగి చూసి గాలి సంగతి చెప్పేసే అలవాటు అప్పటిదే. రేడియల్ టైర్లు (ఇప్పటి కార్లకు ఉండే రకం) వచ్చాక ఆ అంచనా కొంత తప్పింది, ఎందుకంటే గాలి సరిగ్గా ఉన్నా వాటి పక్కగోడ కొద్దిగా ఉబ్బే ఉంటుంది. లో-ప్రొఫైల్ టైర్ల దగ్గర అది పూర్తిగా పనికిరాకుండా పోయింది. గట్టి, పొట్టి పక్కగోడ కొంత బరువును తానే నిలబెట్టి ఉంచుతుంది కాబట్టి, ఒత్తిడి పావు వంతు పోయినా ఆగి ఉన్న కారులో తేడా పట్టుకోవడం కష్టం. రన్‌ఫ్లాట్ టైర్లయితే మరీను: గాలి మొత్తం పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు నడిచేలా వాటిని తయారుచేస్తారు, కాబట్టి పంక్చరైన సంగతి కూడా కంటికి కనిపించకపోవచ్చు.

నడిపేటప్పుడు కలిగే అనుభూతి కూడా దారి తప్పిస్తుంది. గాలి తగ్గిన లో-ప్రొఫైల్ టైరు చిన్న చిన్న కుదుపులను కాస్త మెత్తగా మింగుతుంది. సుఖంగా ఉంది కదా అని ఆ ఒత్తిడినే కొనసాగించేవారు ఉంటారు. ఆ సుఖం వచ్చింది ఎక్కడి నుంచో కాదు, పెద్ద గుంత కోసం మిగిల్చి ఉంచాల్సిన రక్షణ నుంచే.

గుంత అంచు దగ్గర జరిగేది

పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు అన్నంత మాత్రాన అంతా మెత్తటి ఖాళీ కాదు. ఆ కొలత రిమ్ము మీద టైరు కూర్చునే చోటు నుంచి మొదలవుతుంది. రిమ్ము అంచే సుమారు 17 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. మిగిలిన 73 మిల్లీమీటర్లలో కారు బరువుకే టైరు కొంత కిందికి నొక్కుకుపోయి ఉంటుంది. అందులోంచి రబ్బరు మందాన్నీ మినహాయిస్తే, రిమ్ము అంచుకూ రోడ్డుకూ మధ్య నిజంగా ఉన్న దూరం నాలుగు వేళ్ల మందం కూడా ఉండదు. 15 అంగుళాల టైరులో ఇదే లెక్క 110 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది.

చక్రం గుంతలోకి దిగి అవతలి అంచును కొట్టుకున్నప్పుడు ఆ అంచు ట్రెడ్‌ను, అంటే టైరులో రోడ్డును తాకే భాగాన్ని, పైకి నెడుతుంది. దాన్ని ఎదిరించే శక్తి ప్రధానంగా గాలిదే. గాలి చాలినంత ఉంటే రిమ్ము దాకా వెళ్లకముందే దెబ్బ బలం చచ్చిపోతుంది. చాలకపోతే పక్కగోడ రెండు మడతలుగా మడిచినట్టయి, గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య నలుగుతుంది. రబ్బరు సాగే గుణం వల్ల బయటికి ఏమీ జరగనట్టే కనిపించవచ్చు. లోపల పక్కగోడకు బలాన్నిచ్చే దారాలు మాత్రం తెగుతాయి. తెగిన చోట గాలి ఒత్తిడిని ఆపేది పలచటి రబ్బరు పొరే కాబట్టి, కొన్ని గంటలకో కొన్ని రోజులకో అక్కడ ఉబ్బు లేస్తుంది. పంక్చర్ షాపులో ఏ ప్యాచ్‌తోనూ దీన్ని బాగుచేయలేరు, టైరు మార్చాల్సిందే. దెబ్బ ఇంకా బలంగా ఉంటే అలాయ్ రిమ్ము వంగడమో పగలడమో జరుగుతుంది.

ఇంత చదివాక 40 పీఎస్‌ఐ కొట్టించడమే క్షేమం అనిపించవచ్చు. అవసరానికి మించిన గాలి రిమ్మును కొంతవరకు కాపాడుతుంది, నిజమే. దానికి బదులుగా ట్రెడ్ మధ్యభాగం ఉబ్బి, రోడ్డును తాకే విస్తీర్ణం తగ్గుతుంది. టైరు నడుమ త్వరగా అరుగుతుంది. గరుకు రోడ్డు మీద చక్రం ఎగిరెగిరి పడటం వల్ల బ్రేకు పట్టు తగ్గుతుంది. గాలి మింగని దెబ్బంతా సస్పెన్షన్ బుష్‌లకూ బేరింగులకూ చేరుతుంది. మొదటే గట్టిగా ఉండే లో-ప్రొఫైల్ టైరులో ఈ ప్రభావాలు మరింత ప్రస్ఫుటంగా ఉంటాయి.

వేడి, వాన

గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంపులో ఖర్చయ్యే శక్తి వేడిగా మారుతుంది. వేడి రబ్బరుకూ ఉక్కు బెల్టులకూ మధ్య ఉన్న బంధాన్ని బలహీనపరుస్తుంది. వేగం, బరువు, వేసవి కలిస్తే ట్రెడ్ ఊడిపోవడమో టైరు పేలడమో జరుగుతుంది. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికాలో 2000 సంవత్సరంలో బయటపడిన ఫైర్‌స్టోన్ ఉదంతం. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల టైర్ల ట్రెడ్ వేడి ప్రాంతాల్లో, అధిక వేగంలో ఊడిపోవడంతో దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించారు. తయారీ లోపాలతోపాటు ఫోర్డ్ సూచించిన 26 పీఎస్‌ఐ చాలా తక్కువన్న వాదన అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. అవి పొడవైన పక్కగోడలున్న టైర్లు. వేడికి పొట్టి పొడవు తేడా లేదని ఆ ఉదంతం చెబుతుంది. 120 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం, నిండుగా మనుషులూ సామానూ ఉన్న కారులో తక్కువ గాలితో వెళ్లడం సరిగ్గా వేగం, బరువు, వేసవి మూడింటినీ ఒకచోట చేర్చడమే.

వానాకాలంలో ప్రమాదం మరో రూపంలో వస్తుంది. నిలిచిన నీటి మీద వేగంగా వెళ్లే టైరు ఒక స్థాయి దాటాక నీటిని పక్కకు నెట్టలేక దాని మీద తేలుతుంది. స్టీరింగ్, బ్రేకు రెండూ పనిచేయవు. 1960లలో విమానాల టైర్లపై నాసా పరిశోధకులు చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం ఆ వేగం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది: 33 పీఎస్‌ఐ దగ్గర గంటకు సుమారు 96 కిలోమీటర్లు, 25 పీఎస్‌ఐ దగ్గర సుమారు 83. కారు టైరుకు ట్రెడ్ లోతును, నీటి లోతును బట్టి ఈ అంకెలు మారతాయి గానీ దిశ మారదు. పైగా వెడల్పైన టైరు పక్కకు నెట్టాల్సిన నీరు ఎక్కువ.

ఎండలో 33, చలిలో 28

రబ్బరు గుండా గాలి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. ఏ పంక్చరూ లేకపోయినా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గడం మామూలే. దీనికి ఉష్ణోగ్రత తోడవుతుంది. ప్రతి పది డిగ్రీల సెల్సియస్ తేడాకు ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది. 44 డిగ్రీల వేసవి మధ్యాహ్నం 33 పీఎస్‌ఐ ఉన్న టైరు, ఒక్క బుడగ గాలి పోకపోయినా, ఆదిలాబాద్‌లో 10 డిగ్రీల డిసెంబరు తెల్లవారుజామున 28 దగ్గర ఉంటుంది.

కారు నడిచాక టైరు వేడెక్కి నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం సహజం. కంపెనీ ఇచ్చే అంకె చల్లటి టైరుకు సంబంధించినది కాబట్టి, కారు కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్నాకే కొలవాలి. హైవే మీద ఆగి, వేడి టైరులో 37 ఉందని చూసి 33కు దింపించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆ టైరు చల్లారాక 29కి చేరుతుంది. బంకు ఇంటికి దూరమైతే ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ఇంటి దగ్గర సొంత గేజితో కొలిచి ఎంత తక్కువ ఉందో రాసుకోవాలి. మూడు తక్కువుంటే, బంకు దగ్గర వేడి టైరు ఎంత చూపినా దానికి మూడు కలిపి కొట్టించాలి.

నైట్రోజన్ గురించి ఒక్క మాట చాలు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. శుద్ధమైన నైట్రోజన్‌లో తేమ ఉండదు, లీకు కొద్దిగా నెమ్మదిస్తుంది. వేడికి ఒత్తిడి పెరగడం మాత్రం దాదాపు అంతే. నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో తిరగడంకన్నా మామూలు గాలి కలిపించడం మేలు.

హెచ్చరిక దీపం పరిమితి

ఫైర్‌స్టోన్ ఉదంతం తర్వాత చేసిన చట్టం ఫలితంగానే అమెరికాలో టైరు ఒత్తిడిని గమనించే టీపీఎంఎస్ తప్పనిసరి అయింది. అక్కడి ప్రమాణం ప్రకారం ఒత్తిడి సూచించిన దానికన్నా 25 శాతం తగ్గినప్పుడు దీపం వెలగాలి. ఐరోపాలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. భారత్‌లో 2020 జులైలో సవరించిన నిబంధనలు ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉన్న కార్లు స్టెప్నీ లేకుండా రావడానికి అనుమతించాయి. స్టెప్నీ లేని కారులో టైరు ఒత్తిడికి ఉన్న విలువ వేరే చెప్పనక్కర్లేదు.

25 శాతం అంటే 33 కాస్తా 25 పీఎస్‌ఐకి పడిపోవడం. అప్పటికే టైరు మోసే సామర్థ్యంలో ఐదో వంతు పోయి ఉంటుంది. పొడవైన పక్కగోడకు అది హెచ్చరికే, పొట్టి పక్కగోడకు మాత్రం ఆలస్యంగా వచ్చిన కబురు. ప్రతి చక్రంలో సెన్సర్ ఉండి అంకెలు చూపే వ్యవస్థ నయం, ఎందుకంటే దీపం వెలగకముందే తగ్గుదల కనిపిస్తుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల ద్వారా చక్రాల వేగాన్ని పోల్చి లెక్కగట్టే వ్యవస్థ ఒక చక్రంలో గాలి పోతే బాగానే పట్టుకుంటుంది. నాలుగింటిలోనూ సమానంగా తగ్గితే తడబడుతుంది. నెలల తరబడి గాలి చూడని కారులో జరిగేది సరిగ్గా అదే.

ఏ అంకె పాటించాలి

కంపెనీ బిగించిన సైజే ఉంటే సమాధానం సులువు: డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరులోనో, పెట్రోల్ మూత లోపలో రాసిన అంకె. అందులో తక్కువ మందికి ఒకటి, పూర్తి బరువుకు మరొకటి, ముందు వెనక చక్రాలకు వేర్వేరుగా ఉండవచ్చు. పండక్కి కుటుంబంతో, సామానుతో ఊరికి బయల్దేరేటప్పుడు రెండో అంకె వర్తిస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. టైరు పక్కగోడ మీద 44, 50 లేదా 51 పీఎస్‌ఐ అని ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి మాత్రమే. దాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు, దాటనూ కూడదు.

సైజు మార్చిన కారుకు స్టిక్కరు అంకె నేరుగా పనిచేయదు. అదే కారుకు కంపెనీ ఆ పెద్ద సైజును కూడా ఇస్తుంటే, ఆ వేరియంట్ స్టిక్కరు అంకె అత్యంత నమ్మదగినది. అలా లేకపోతే పాత టైరు, కొత్త టైరు లోడ్ ఇండెక్స్‌లు, ఎక్స్‌ఎల్ గుర్తు చూపించి టైరు కంపెనీ డీలరు దగ్గర లోడ్ పట్టిక ప్రకారం లెక్క వేయించుకోవాలి. చాలా సందర్భాల్లో అది పాత అంకెకన్నా రెండు నుంచి నాలుగు పీఎస్‌ఐ ఎక్కువగా తేలుతుంది. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ పాతదానికన్నా తక్కువైతే గాలి పెంచి సరిపెట్టడం కుదరదు, ఆ టైరు ఆ కారుకు తగదు. లో-ప్రొఫైల్ టైర్లు వాడేవారు నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి గాలి చూడటం, గట్టి గుంత దెబ్బ తిన్న తర్వాత చక్రం లోపలివైపు పక్కగోడను కూడా తడిమి చూడటం అవసరం, ఎందుకంటే ఉబ్బు అటువైపు లేస్తే నిలబడి చూసేవారికి కనిపించదు. టైరు మార్చే ఖర్చు బీమా మీద వేయడమూ కష్టమే: మన దేశంలోని సాధారణ కారు పాలసీ టైరు ఒక్కదానికే నష్టం జరిగితే ఏమీ ఇవ్వదు, కారు కూడా దెబ్బతింటే టైరు ధరలో సగం మాత్రమే ఇస్తుంది.